శ్రామికుల యింటఁ గళాకారుని విడిది

కవికి నాశ్రయ మవసరమా యను ప్రశ్నము తెలుఁగు సాహిత్యమున మిక్కిలి పాఁతది. ఆశ్రయ మిచ్చువాఁడు రాజైనప్పుడు కావ్యమునకుఁ గలుగు లాభనష్టములను విమర్శకులు పలుమాఱులు చర్చించిరి. ఆ యాశ్రయదాత రాజు గాక శ్రామికుఁడో, శ్రామికసంఘమో యైనచోఁ గావ్యమున కేమి జరుగును? ఈ రెండవ ప్రశ్నమునకు మొదటిదానికి జరిగినంత విచారణ జరుగలేదు.

ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమునుండి పాశ్చాత్యదేశములలోఁ గళాకారులు కర్మాగారములయందును, కార్మికసంఘములయందును గొంతకాలము నిలిచి పనిచేయు పద్ధతి యేర్పడినది. దానికి వారు పెట్టిన పేరు 'రెసిడెన్సీ'. హైదరాబాదు వారికి రెసిడెన్సీ యనఁగాఁ గోఠీలోని యాంగ్లప్రతినిధి భవనము స్ఫురించును గాన, నా పదముకంటె 'విడిది' యను దేశ్యపదమే యిచ్చటఁ దగియున్నది. విడిదికి వచ్చినవాఁ డతిథి, ఇచ్చినవాఁడు గృహస్థు, ఇరువురకును ధర్మములు గలవు. శ్రామికుఁడు గృహస్థును, గళాకారుఁ డతిథియు నైనప్పు డా ధర్మము లెట్టివో తెలిసికొనవలసియున్నది. రాజాశ్రయమును మగ్గమును నొక్కచోటనే చూపఁగల యూరగుటచే, నీ విచారమునకు అమరచింత చక్కని దృష్టాంతము.

అమరచింత నేఁడు వనపర్తి జిల్లాలోని పురపాలక పట్టణము. నిజాము రాజ్యమున నిది యొక సంస్థానము. పాలకుల నివాస మాత్మకూరగుటచే నాత్మకూరు సంస్థానమనియు దీనికి వ్యవహారము గలదు. వైశాల్య మించుమించు 190 చదరపు మైళ్లు. నిజామునకు నేఁటేఁటఁ జెల్లించు పేష్కషు 6,363 రూపాయలు. ఇచ్చటి సన్నని వస్త్రములును, జరీయంచు ధోవతులును, తలపాగలును బ్రసిద్ధములు. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములతోఁ బాటు ఆత్మకూరును గవిపండితులకు నడకదారియై యుండెను. గద్వాలకు 'విద్వద్గద్వాల' యను బిరుదే యేర్పడినది. తిరుపతి వేంకటకవు లీ సంస్థానములను దర్శించిన వృత్తాంతము వారి 'నానారాజసందర్శనము'నఁ గలదు. తూమాటి దొణప్ప 1969లోఁ బ్రకటించిన 'ఆంధ్ర సంస్థానములు - సాహిత్యపోషణము' చదివినవారికి, విడిది, సభ, పరీక్ష, సంభావన, వీడ్కోలు అను క్రమ మెంత కట్టుదిట్టముగా నడచెనో తెలియును.

ఈ పద్ధతి నీసడించుట సులభము. కాని న్యాయము కాదు. సంస్థానసభయందుఁ గవిని బరీక్షించువారు విద్య యెఱిఁగినవారు. సమస్య యిచ్చినవాఁడు పూరణమునందలి గుణదోషములను జెప్పఁగలవాఁడు. తప్పు దొరకినఁ గవికి శాలువ రాకపోవచ్చును. అనఁగా గృహస్థునకుఁ దీర్పు చెప్పు యోగ్యతయు, నధికారమును నుండెను. లోప మింకొకచోటఁ గలదు. ఆశ్రయదాత వంశమును వర్ణించిన పద్యములు విరివిగాఁ గలవు. పండితుని భుజముపైఁ గప్పిన వస్త్రమును నేసినవాని ప్రసక్తి మిక్కిలి యరుదు. కోటకును మగ్గమునకును నడుమ దూరము కొలఁదియే. పద్యమున కా దూర మలంఘ్యమయ్యెను. కవులు కఠినహృదయు లగుటచే నిట్లు జరిగినదనరాదు. కావ్యమున కేది వస్తువు కాఁదగునో ముందే నిర్ణీతమైయుండెను; ఆ నిర్ణయమును మార్పఁగల శ్రోత సభలోఁ గూర్చుండి యుండలేదు.

అట్లని శ్రామికుఁడు కళాకారునకు విడిది యిచ్చుట కేవలము నవీనమనుకొనుట పొరపాటు. తెలంగాణమునఁ బద్మశాలుల కాశ్రితులైన కూనపులివారు తరతరములుగా నీ పని చేయుచుండిరి. వారు తమకు హక్కుగా వచ్చిన గ్రామములకుఁ బోయి, పద్మశాలుల వాడలో మకాము పెట్టి, పటము వ్రేలఁగట్టి, మార్కండేయ పురాణమును, భావనాఋషి కథను రాత్రులు వరుసగాఁ జెప్పుదురు. తామరతూఁడునుండి దారము దీసి దేవతలకు వస్త్రము నేసిన భావనాఋషి, సూర్యుని కూఁతురగు భద్రావతిని బెండ్లాడుట, కాలవాసురునితోఁ బోరాడుట, పులినెక్కి తిరుగుట, ఇవి కథాంశములు. చేర్యాల మొదలగు చోట్ల నకాషీ చిత్రకారు లీ పటములను వ్రాయుదురు. ఖద్దరు గుడ్డకు గంజియు, సుద్దమన్నును, చింతగింజల జిగురును బట్టించి, యాఱిన పిదప నెఱ్ఱని నేలరంగుపై బొమ్మలు దిద్దుదురు. మూఁడడుగుల వెడల్పును, నలుబది యడుగులకు మించిన నిడుపును గల పటములును గలవు. హైదరాబాదు మిత్తల్ సంగ్రహమున 1625 నాఁటిదని చెప్పఁబడు భావనాఋషి పటము గలదనుటచే నీ సంప్రదాయపుఁ బ్రాచీనత యూహింపవచ్చును.

ఇందు విమర్శకుఁడు గమనింపవలసిన వింత యొకటి గలదు. నేఁతగాని కథ నేఁతగాని గుడ్డమీఁదనే వ్రాయఁబడినది. నేఁతగాని వాకిటనే చెప్పఁబడినది. నేఁతగాని ధాన్యముతోనే చెల్లింపఁబడినది. ఆశ్రయమునకును, వస్తువునకును, శ్రోతకును నడుమ సంస్థానమునందలి యెడము లేదు. కథకుఁడు పడుగు పేకల మాట తప్పు చెప్పినచో నచ్చటి ముసలివాఁడు లేచి దిద్దఁగలఁడు. ఇట్టి శ్రోత యేకళకైనను గొప్ప సంపద.

అయినను సంస్థానకవికిఁ దగిలిన బంధమే కూనపులివారికిని వేఱురూపునఁ దగిలినది. రాజు వంశము నచ్చటఁ బొగడినట్లే, కుల మూలపురుషు నిచ్చటఁ బొగడవలెను. నూలు ధర పెరిగినదనియు, షావుకారు మజూరి తగ్గించెననియు, కండెలు చుట్టిన స్త్రీకిఁ గూలియే లేదనియుఁ బటముమీఁద బొమ్మ లేదు. శ్రామికుఁడే పోషకుఁడైన మాత్రమునఁ గళ సత్యవాదిని యగునను నమ్మకము దీనితో సడలుచున్నది. పోషకు నెవ్వనినైనను నొప్పింపలేని విడిది స్తుతిపాఠమునకే దారితీయును. ఆశ్రయమును గూర్చిన యే సిద్ధాంతమైనను మొదట నీ చిక్కును విప్పవలెను.

కులసంఘము పోయి శ్రమసంఘము ముందునకు వచ్చినపుడు తెలుఁగు కళలలోఁ గలిగిన మార్పునకుఁ బ్రజానాట్యమండలి సాక్షి. 1943లో నఖిలభారత ప్రజానాట్యసంఘ మేర్పడిన యేఁటనే తెలుఁగునాట నిదియు నేర్పడినది. డాక్టరు గరికపాటి రాజారావు నాయకత్వమునఁ గళాకారులు రైతుకూలి సంఘముల పిలుపున నూరూరఁ దిరిగిరి. పగటివేళ సభ్యుల యిండ్లఁ దినిరి. రాత్రి యా యూరి నడుమ నాడిరి. బుఱ్ఱకథ, గొల్లసుద్దులు, వీథినాటకము మొదలగు పాఁతరూపములనే గ్రహించి, వానిలో క్రొత్తకథ నింపిరి. షేక్ నాజరు బుఱ్ఱకథకుఁ దెచ్చిన వేగమును, శ్రుతిశుద్ధియు నిందలి ప్రధానలాభము.

బుఱ్ఱకథయందలి యొక యేర్పాటు సంఘముల విడిదికి సరిగా నొప్పినది. నడుమఁ గథకుఁడు, ఒకప్రక్క హాస్యగాఁడు, మఱియొకప్రక్క రాజకీయము చెప్పువాఁడు. కథకుఁ డెంత యావేశమునఁ బోవుచున్నను బ్రక్కవాఁ డాపి 'అదెట్లు?' అని యడుగఁగలఁడు. శ్రోతల సందేహము రంగమునకే యెక్కినది. స్తుతికిఁ బ్రశ్నము తోడగుటచే, కూనపులివారి పటమునందు లేని యవకాశ మిచ్చట రూపమునందే యమరియున్నది. కాని యా యవకాశమును మండలి యెంతవఱకు వాడుకొన్నది? జమీందారుపై, దొరపై, ప్రభుత్వముపై హాస్యగాని నాలుక పదునుగా నాడినది. పిలిచిన సంఘముమీఁదికి మాత్ర మరుదుగాఁ దిరిగినది.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో వెలయించిన 'మాభూమి' నాటక మీ యుద్యమమునకుఁ బరాకాష్ఠ. నల్లగొండ మండలమున భూమికై పోరాడి హతుఁడైన షేక్ బందగీ వృత్తాంతము దీనికి మూలము. మద్రాసు ప్రభుత్వము దీనిని నిషేధించెను. నిషేధమే నాటకమునకుఁ బ్రచార మయ్యెను. రచయిత లిరువురును దీరాంధ్రమువారు, వస్తువు తెలంగాణమునది. బయటివారు వ్రాసినను సంఘటనల వరుసయందు బిగువు గలదు. రైతు కోపమునకుఁ గారణము ప్రతి రంగమునందును గంటికిఁ గనఁబడును. లోపము పాత్రలయందుఁ గలదు. మంచివాఁ డాద్యంతము మంచివాఁడే. దొర యాద్యంతము దుష్టుఁడే. విడిది చేసినవాఁడు పది దినములుండి సంగ్రహింపఁగలిగినది సంఘటన; పది నెలలున్నఁ గాని పాత్ర చేతికందదు.

ఈ మాటకు సుద్దాల హనుమంతు రచనలు నిదర్శనము. ఆంధ్రమహాసభను బల్లెలవారు 'సంగ' మని పిలిచిన దినములలో నాయన యా సంగమునఁ బనిచేసినవాఁడు. గొల్లసుద్దులను బోరాటమునకు మలఁచిన ఘనత యాయనది. పసులఁగాచు బాలునిఁ గూర్చి యాయన వ్రాసిన పాట యిప్పటికిని జనుల నాలుకలపై నిలిచియున్నది. అందుఁ దిట్టులేదు, ఉపదేశము లేదు. పిల్లవాని యొడలు, వాని తిండి, వాని భయము కలవు. అతిథి కానివాని కంటికే యవి యట్లు కనఁబడును. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన 'మాభూమి' చిత్రమున నా పాట చేర్పఁబడినపుడు, తెలంగాణము నెఱుఁగనివారికిని నది తెలిసినది.

సంఘమునఁ బూర్తిగా లీనమైన కవికిఁ గలుగు కష్టమును మఖ్దూం మొహియుద్దీన్ జీవితము తెలుపును. 1908లో మెదకు జిల్లా యందోలునఁ బుట్టి, హైదరాబాదు సిటీ కళాశాలలో నుపాధ్యాయుఁడై, ఆ యుద్యోగము విడిచి కార్మికసంఘముల నిర్మించెను. 1946లో నేర్పడిన హైదరాబాదు కార్మికసంఘ సమాఖ్యకు నాయకుఁడయ్యెను. ఆయనది విడిది కాదు, కాపురము. ఉర్దూ కవితయందు విప్లవమును శృంగారమును నొకే గొంతునఁ బలికించుట యాయన ప్రత్యేకత. కాని 'సుర్ఖ్ సవేరా' 1944లో వెలువడఁగా, తరువాతి సంపుటి 'గుల్-ఎ-తర్' 1961లోఁ గాని రాలేదు. నడుమఁ బదునేడేండ్లు అజ్ఞాతవాసము, చెఱ, సభలు, ఎన్నికలు. సంఘ మాయనకు శ్రోతల నిచ్చినది, తీరిక నీయలేదు. కవికి సంఘ మీయఁగల గొప్ప కానుక పనికి సెలవు అని కూడఁ జెప్పవచ్చును.

పాశ్చాత్యుల యనుభవ మీ రెండు చిక్కులను మఱింత స్పష్టపఱచుచున్నది. 1966లో లండనునందు బార్బరా స్టెవెనీ, జాన్ లేథములు 'ఆర్టిస్ట్ ప్లేస్‌మెంట్ గ్రూప్' అను సంస్థను స్థాపించి, ఉక్కు సంస్థలకును, గర్మాగారములకును శిల్పులను జిత్రకారులను బంపిరి. ముందుగా నేదియుఁ జేయుదునని మాట యీయకుండుట వారి నియమము. కళాకారుని స్వేచ్ఛ కిది రక్షణయే. కాని పిలిచినవారు యాజమాన్యమువారు. 1970లో స్టువర్ట్ బ్రిజ్లీ యను నాతఁడు హిల్లె సామానుల కర్మాగారమునకుఁ బోయి, పనివాండ్రతోఁ గలసి, వారి కిష్టమైన బంతియాట జట్ల రంగులు యంత్రములకుఁ బూయించెను. పనివాండ్రు సంతోషించిరి, యంత్రము వేగమును, కూలిరేటును మాఱలేదు. యాజమాన్యమునకును శ్రామికునకును నడుమ నిలువఁబడిన కళాకారుఁ డెవనివాఁడో యన్న ప్రశ్నమునకు సమాధానము దొరకలేదు.

ఇందునకుఁ బ్రతిగా న్యూయార్కులో 1199 అను నాసుపత్రి కార్మికసంఘము 1979లో మో ఫోనర్ నిర్వహణమున 'బ్రెడ్ అండ్ రోజెస్' అను కళాకార్యమును దానే మొదలుపెట్టినది. ఆస్ట్రేలియాలో 1982లోఁ బ్రభుత్వ కళాపరిషత్తును, కార్మికసంఘ సమాఖ్యయుఁ గలసి 'ఆర్ట్ అండ్ వర్కింగ్ లైఫ్' పేరఁ గళాకారులను సంఘములచెంతకుఁ బంపెను. ఇచ్చటఁ బిలుపు శ్రామికులది. సంఘపతాకలు, భిత్తిచిత్రములు, పనివారి నోటిమాటలనుండి కూర్చిన నాటకములు పుట్టినవి. లోప మేమనఁగా, సంఘ మడిగినది తఱచు పతాకయే యగును. పతాకమీఁద సందేహమునకుఁ జోటుండదు. యాజమాన్యము పిలిచినచోఁ గళ నిష్ఫల మగును. సంఘము పిలిచినచో నినాద మగును. ఈ రెంటి నడుమఁ ద్రోవయే వెదుకవలసినది.

పాలమూరి సీమలో నీ ప్రశ్నమునకు మఱియొక ముడి గలదు. ఇచ్చటి శ్రామికులలోఁ బెక్కండ్రు తమ యింటనే యుండరు. గుంపుమేస్త్రీ యిచ్చిన బయానా తీసికొని, ఆనకట్టలకును, గాలువలకును దేశ మంతట వలస పోయిన పాలమూరు కూలీల చరిత్ర ప్రసిద్ధము. గృహస్థుఁడే గుడారమున నున్నప్పు డతిథికి విడిది యెక్కడ? అట్టివాని చెంతకుఁ జేరఁగలిగిన కళ పాట యొకటియే, దానికి మూటయక్కఱలేదు. నాగరుకర్నూలు జిల్లా గౌరారమునఁ బుట్టిన గోరటి వెంకన్న పాటలు, తత్త్వములను యక్షగానమును విని పెరిగిన గొంతునుండి వెడలినవి. పల్లె పాడగుటను గూర్చిన యాయన పాట 2002లో 'కుబుసం' చిత్రమూలమునఁ దెలుఁగునాఁ డంతట వ్యాపించెను. 2021 సంవత్సరమునకుఁ గేంద్రసాహిత్య అకాడమి బహుమాన మాయన 'వల్లంకి తాళము'నకు వచ్చినది. ఆ పాటయందుఁ గులవృత్తులు పేరుపేరున వచ్చుటయు, ఒక్కొక్క వృత్తికి దాని పనిముట్టు తోడగుటయు గమనింపఁదగినవి. జాలి సామాన్యనామములతోఁ దృప్తిపడును. ఎఱుక విశేషనామములను గోరును.

ఈ సీమవాఁడే యైన సురవరము ప్రతాపరెడ్డి 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను బ్రకటించి, కావ్యములను జనజీవనమునకు సాక్ష్యముగాఁ జదువు మార్గము చూపెను. రాజుల గాథ నడుగక, ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ పని చేసిరి యని పద్యము నడిగెను. శ్రామికుల విడిదినుండి పుట్టిన రచనకు నిదే తగిన యొరగల్లు. నూఱేండ్ల పిదప నొక చరిత్రకారుఁడు దానిఁ జదివి, నాఁటి మజూరి యెట్లు కట్టఁబడెనో, పడుగు నెవరు సాఁగఁదీసిరో, కండె లెవరు చుట్టిరో తెలిసికొనఁగలఁడా? తెలిసికొనలేనిచో, నందలి సానుభూతి యెంత యుదాత్తమైనను, విడిది వ్యర్థమే.

ఈ యొరగల్లును దీసికొని మరల నమరచింత మగ్గమునొద్దకు వచ్చిన, విడిది ధర్మములు తమంతఁ దామే తేలును. మగ్గమునకుఁ గర్మాగారపు ద్వారము లేదు, గుంటమగ్గ మింటిలోనిది. ఆసుపోయుట వాకిట, కండెలు చుట్టుట పొయ్యిప్రక్క. సంఘపు నమోదు పుస్తకమునఁ దఱచుగా మగ్గముమీఁదఁ గూర్చున్నవాని పేరే యెక్కును. చుట్టినదాని పేరు తఱచుగా నెక్కదు. కావున సంఘముతో మాటలాడి యూరకున్న కళాకారుఁడు సగము శ్రమను జూడనే చూడఁడు. సంఘము పిలుపునఁ బోవలెను. సంఘపు వాకిట నాఁగిపోరాదు. ఇది మొదటిధర్మము.

ఆసుపోసినది మొదలు వస్త్రము మగ్గమునుండి కోసి దింపువఱకును, దానిని షావుకారుఁడో సహకారసంఘమో కొలిచి మజూరి కట్టువఱకును నిలువవలెను. నడుమ లేచిపోయినవానికి రంగులు దక్కును, లెక్క దక్కదు. ఇది రెండవది. వ్రాసినదానిని మొదట గృహస్థునకే వినిపింపవలెను. పనినిగూర్చిన తప్పును దిద్దు నధికారము వానిది. కాని యభిప్రాయమును దిద్దు నధికారము వానికిని లేదు, సంఘమునకును లేదు. ఇది మూఁడవదియుఁ, గఠినతమమైనదియు. సంస్థానసభయందలి పండితపరీక్షను గూనపులివారి శ్రోత చనువుతోఁ గలిపి, బుఱ్ఱకథ ప్రశ్నమును దానికిఁ దోడు చేసినచో నీ ధర్మము నిలుచును.

గద్వాల, అమరచింత సీమల చీరలయందు ఒడలు నూలు. అంచును గొంగును బట్టు. రెండు పడుగులును వేఱువేఱుగనే యుండును. సూదితోఁ గుట్టరు, నేయునపుడే పేకల నొకదాని నొకటి పెనవేయుదురు. నూలు నూలుగను, బట్టు పట్టుగను నుండియే వస్త్ర మొక్కటి యగును. కళాకారుఁడు శ్రామికుఁడు కానక్కఱలేదు. శ్రామికుఁడు కవి కానక్కఱలేదు. వారి కలయిక పని జరుగుచుండఁగా జరుగవలెనే కాని, పని ముగిసినపిదప నతికింపఁబడినచో నుతుకునకు నిలువదు.

సంస్థానములు 1948తోడి మార్పులలోఁ గడచిపోయినవి. వానితోఁ బాటు శాలువయు, సంభావనయుఁ బోయినవి. మగ్గములు సన్నగిల్లినను బోలేదు. కవిపండితులకు విడిది యిచ్చిన కీర్తి యమరచింతకు నాత్మకూరికోటమూలమున వచ్చినది. మగ్గములవాడ మూలమునఁ గూడ నా కీర్తి రాఁదగినదే. అట్టి విడిదినుండి వెడలు తొలికావ్యమున స్తుతియున్నదా యని గాక, లెక్కయున్నదా యని విమర్శకులు చూడవలసియుండును.